సెల్లు మసి పుండుకు మందు కాదు, నీళ్ళకు ఫిల్టరూ కాదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. తప్పుంటే సరిదిద్దండి.

మేం ముగ్గురం ఒకే హాస్టల్ రూములో ఉంటాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఊళ్ళో ఎవరికి ఏ డౌటు వచ్చినా ఫోను మాకే వస్తుంది. మొన్న ఒక తమ్ముడు చేశాడు. "అన్నా, పాత బ్యాటరీల్లో ఉండే దాంతో పుండ్లు మానతాయంట, నీళ్ళు కూడా శుభ్రమవుతాయంట. వీడియో వచ్చింది. మావయ్య కాలికి సెల్లు మసి రాసేదా?" అని.

మాకు గుండె ఆగినంత పనైంది. మావయ్యకి సికిల్ సెల్ జబ్బు. చీలమండ దగ్గర పుండు రెండేళ్ళుగా మానలేదు. "వద్దురా, ముట్టుకోకు" అన్నాం. ఎందుకు వద్దో మాత్రం వెంటనే చెప్పలేకపోయాం. ఆ రాత్రి ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకాలు మళ్ళీ తీశాం. మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాం.

టార్చిలైటు సెల్లు మనకి కొత్త కాదు. చిన్నప్పుడు రాయితో పగలగొట్టి, లోపలి మసి తీసి, ఆకు పసరు కలిపి బడిలో నల్లబోర్డుకు పూసినోళ్ళమే. మధ్యలో ఉండే బొగ్గు పుల్లతో గోడల మీద రాసినోళ్ళమే. ఆ మసి పేరు మాంగనీస్ డయాక్సైడ్, దాంట్లో బొగ్గు పొడి కూడా కలిసి ఉంటుంది. బయటి డబ్బా జింకు. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, మన చేతులకి అంటిన మసే అది అని మాకు అప్పుడు తట్టలేదు.

వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. బోరు నీళ్ళు తోడిన కాసేపటికి ఎర్రబడితే అందులో ఇనుము ఉన్నట్టు. అలాంటి నీటిని శుద్ధి చేసే ఫిల్టర్లలో మాంగనీస్ డయాక్సైడ్ పూత ఉన్న ఇసుక వాడతారు. నీటిలో కరిగి ఉన్న ఇనుము దాని వల్ల తుప్పు రేణువులుగా మారి ఇసుకలో చిక్కుకుంటుంది. పాత సెల్లుల నుంచి ఈ పదార్థాన్ని తీసి నీటి శుద్ధికి వాడాలని శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేస్తున్నారు. జింకు సంగతీ అంతే. ఉన్నా అనే జర్మనీ చర్మవైద్యుడు 19వ శతాబ్దం చివర్లోనే కాలి పుండ్లకు జింక్ ఆక్సైడ్ పట్టీ కట్టాడు. ఆ రకం పట్టీలు ఇప్పటికీ వాడుతున్నారు.

మరి వద్దని ఎందుకంటున్నాం? మధ్యలో జరిగే పని వల్ల. మన అడవి దుంపల్లో కొన్ని అలాగే తింటే నోరు దురద, గొంతు మంట. మన అమ్మమ్మలు వాటిని ముక్కలు కోసి, ఉడకబెట్టి, గెడ్డ నీళ్ళలో రాత్రంతా ఉంచి, చేదు పోయాకే పిల్లలకి పెడతారు. దుంప అదే, మధ్యలో చేసిన పనే దాన్ని తిండి చేసింది. సెల్లు కూడా అంతే. అందులోది పుండు మీదికి రావాలంటే లోహాలు విడదీయాలి, శుద్ధి చేయాలి, పరీక్షించాలి, క్రిములు లేకుండా చేయాలి. నేరుగా పగలగొట్టిన మసిలో అమ్మోనియం క్లోరైడో జింక్ క్లోరైడో ఉంటుంది. ఆల్కలైన్ సెల్లయితే పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అది చర్మాన్నే కాలుస్తుంది. పాత రకం సెల్లుల్లో పాదరసం కూడా కలిపేవారు. ఇవన్నీ పచ్చి పుండు మీద వేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. తాగే నీళ్ళ బిందెలోనూ అంతే.

ఆటో, సోలార్ లైటు, ఇన్వర్టర్ బ్యాటరీలు ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటిలో సీసం, యాసిడ్ ఉంటాయి. సెనెగల్ దేశంలో డకార్ పక్కన తియారాయ్ అనే చోట పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం అమ్ముకునేవారు. సీసం కలిసిన మట్టిని జల్లెడ పట్టేవారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. ఆ తల్లిదండ్రులు చెడ్డోళ్ళు కాదు, నాలుగు డబ్బులు వస్తాయని చేశారు. మన ఊళ్ళోనూ ఆ డబ్బు అవసరమే. అందుకని పాత బ్యాటరీ అమ్మొద్దు అని మేం అనం. పగలగొట్టకుండా, యాసిడ్ ఒంపకుండా, కాల్చకుండా, ఉన్నది ఉన్నట్టు బ్యాటరీ షాపులోనే ఇవ్వండి. కొత్తది కొనేటప్పుడు పాతదానికి రేటు తగ్గిస్తారు.

ఇప్పుడు మా అభిప్రాయం. సెల్లులు మన సంతల దాకా వస్తున్నాయి, తిరిగి తీసుకెళ్ళేవాడు మాత్రం రావట్లేదు. బ్యాటరీ వ్యర్థాల మీద 2022లో కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం, పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారు చేసిన కంపెనీలదే. టార్చి సెల్లులూ అందులోకే వస్తాయి. కాబట్టి సంతకొక డబ్బా, హాస్టల్‌కొక డబ్బా పెట్టమని సచివాలయంలో, ఐటీడీఏలో మనం అర్జీ ఇవ్వాలి. ఇది దయ కాదు, రూల్లో ఉన్నదే.

మావయ్య పుండు సంగతి. సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి చీలమండ దగ్గర ఇలాంటి పుండ్లు వస్తాయి, త్వరగా మానవు. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది, 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. పరీక్ష మంచిదే. కానీ కార్డు చేతికి వస్తే పుండు మానదు. శుభ్రమైన కట్టు పద్ధతిగా మారుస్తూ ఉండాలి. మావయ్య ఎందుకు మానేశాడని అడిగితే, "కుంటుకుంటూ ఎనిమిది కిలోమీటర్లు ఎవడు నడుస్తాడ్రా" అన్నాడు. అంటే ఆయన సెల్లు మసి దాకా వచ్చింది తెలివి లేక కాదు, దారి లేక. కట్టు సామాను ఏఎన్ఎం చేత ఊరికే పంపించాలని కూడా అదే అర్జీలో రాద్దాం.

మీ ఇంట్లో ఎవరికైనా నెల దాటినా మానని పుండు ఉంటే సికిల్ సెల్, షుగర్ రెండూ పరీక్ష చేయించండి. ఆకు పసరు గానీ మసి గానీ పెట్టకుండా, శుభ్రమైన గుడ్డ కప్పి పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి.

మా హాస్టల్లో పాత పెయింటు బకెట్ ఒకటి పెట్టాం. ఇప్పటికి 43 సెల్లులు పడ్డాయి. ఎవరు తీసుకెళ్తారో ఇంకా తేలలేదు, తేలేదాకా అడుగుతాం. తమ్ముడు బండి అడిగి తెచ్చి మావయ్యని పీహెచ్‌సీకి తీసుకెళ్ళాడు. మొదటి కట్టు కట్టారు, మళ్ళీ మంగళవారం రమ్మన్నారు.

అర్జీ రాసి ఇక్కడే పెడతాం. సంతకం చేసేవాళ్ళు మీ ఊరి పేరు రాయండి. జై ఆదివాసీ.