రెండు స్వర్ణాలు, ఒక బడిపంతులు

మొన్న కోటిపల్లి బస్టాండు దగ్గర టీ కొట్టులో ఒక మాట విన్నాను. అప్పట్నుంచీ మనసు కుదురుగా లేదు. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు నలుగురు, ఒకడి ఒంటి మీద మెస్సీ పదో నంబరు చొక్కా. ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చినప్పుడు వెళ్లలేకపోయానని వాడు బాధపడుతుంటే పక్కవాడు అడిగాడు: "అది సరేగానీ, మనోళ్లు ఫుట్‌బాల్లో ఎప్పుడైనా ఏదైనా గెలిచేరేంట్రా?" నలుగురూ ఆలోచించకుండానే లేదనేశారు. కొట్టాయన కూడా "మనకెక్కడిదండీ ఫుట్‌బాలు" అన్నాడు.

గెలిచాం. ఒకసారి కాదు, రెండుసార్లు ఆసియాకే విజేతలుగా నిలిచాం. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనదే. రెండుసార్లూ ఆ జట్టుని తీర్చిదిద్దింది హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. పన్నెండేళ్లు మన బళ్లలో చదువుకుని వచ్చిన పిల్లలకి ఈ సంగతి తెలియలేదంటే ఆ తప్పు పిల్లలది కాదు.

ఢిల్లీ ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో నెగ్గాం. గోలు కొట్టింది మేవాలాల్, కెప్టెన్ శైలేన్ మన్నా, మ్యాచ్ చూసినవాళ్లలో నెహ్రూ ఉన్నారు. మన ఆటగాళ్లలో చాలామంది కాళ్లకి బూట్లు కూడా లేవు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ వట్టి కాళ్లతోనే యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి చేరాం. అంతకుముందు ఆసియా నుంచి ఏ దేశమూ ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ ముఖం చూడలేదు. పతకం చేజారి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు అరడజను మందికి తక్కువ లేరు.

1962 కథ ఇంకా గొప్పది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులని ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి సోంధి తప్పుపట్టారు. దాంతో జకార్తా జనానికి మనమంటే మంట. స్టేడియంలో మన జాతీయగీతం వినిపిస్తే అరిచి గోల చేశారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్‌తో ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ ఏం చేశారో చూడండి. కుట్లతో ఉన్న జర్నైల్‌ని ఇంటికి పంపలేదు, వెనక నిలబెట్టనూ లేదు. సెమీస్‌కీ ఫైనల్‌కీ ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ వియత్నాం మీద 3-2. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు, కాసేపటికే జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. ఆట ముగిసే ముందు కొరియా ఒకటి తిరిగిచ్చినా అప్పటికే స్వర్ణం మనదైపోయింది. గోల్లో నిలబడి కాచినవాడు సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి పైకొచ్చిన పీటర్ తంగరాజ్. ఎడమ వైపు బలరాం, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ముందు వరుసలో యూసుఫ్ ఖాన్, ఆయనా హైదరాబాదీయే. ఇంతమందిని నడిపించిన రహీమ్‌ని అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. మరో తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో పోయారు.

ఆ తరవాత రాసుకోదగ్గవి రెండే. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం. కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ హైదరాబాద్ నయీముద్దీన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పతకం ఇంతవరకు మళ్లీ రాలేదు. దక్షిణాసియా టోర్నీ శాఫ్‌ని 1993 నుంచి 2023 దాకా తొమ్మిదిసార్లు గెలిచాం కదా అంటారు. నేను దాన్ని పెద్ద విజయాల ఖాతాలో వేయను. మాల్దీవులనీ నేపాల్‌నీ ఓడించి సంబరపడడానికి ఇంత దేశం అక్కర్లేదు. పైగా 2025 నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనే ఓడిపోయాం, 2027 ఆసియా కప్‌కి అర్హత కూడా దక్కలేదు. ఆడపిల్లలే కొంత నయం. 2026 ఆసియా కప్ బెర్తుని థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే ఓడించి సంపాదించారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ లాంటి పిల్లలు జాతీయ జట్టుకి ఆడుతున్నారని మన టీ కొట్లలో ఎందరికి తెలుసు?

నేను ఎప్పుడూ చెప్పే మాటే మళ్లీ చెబుతాను. ఈ విజయాల వెనక ఉన్నది డ్రిల్లు మాస్టారు. రహీమ్ ఉస్మానియాలో డిగ్రీ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లో పంతులుగా చేరారు. తరవాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లల చేత ఆటలాడించారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన పెట్టిన పోటీలు వినండి. బలం లేని కాలితోనే బంతిని తన్నాలని ఒక టోర్నమెంటు. బంతిని దగ్గర ఉంచుకుని ముందుకి తీసుకెళ్లకూడదు, వెంటనే పాస్ ఇచ్చేయాలని ఇంకొకటి. కుడికాలి వాటం కుర్రాడు నెల రోజులు ఎడమ కాలితో తంటాలు పడితే, తరవాత వాణ్ణి ఏ వైపు నిలబెట్టినా ఆడతాడు. డబ్బు పెట్టి కొనే పరికరం ఒక్కటీ లేదు ఇందులో. కావలసింది ఖాళీ స్థలం, బంతి, ఓపికున్న మాస్టారు. ఈ పద్ధతిలో ఎదిగిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ పట్టుకుపోయింది. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కి వరసగా రెండుసార్లు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి వచ్చింది. ఆ మూడోది మన రాష్ట్రం కప్పే, అయినా దాని ఊసెత్తే నాథుడు లేడు.

ఈ మనుషులకి మనం చేసిన మర్యాద ఏమిటి? జకార్తాలో బలరాంతో కలిసి ఆడిన చునీ గోస్వామికీ పి.కె. బెనర్జీకీ పద్మశ్రీలు వచ్చాయి. ఆ ముగ్గురి పేర్లూ బెంగాల్లో ఇవాళ్టికీ ఒక్క ఊపిరిలో చెబుతారు. బలరాంకి అర్జున తప్ప పద్మ రాలేదు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశారు. ఇన్ని పద్మ జాబితాలు పంపిన మన ప్రభుత్వాలు ఆయన్ని పట్టించుకోలేదు. రహీమ్ మీద 2024లో 'మైదాన్' అని సినిమా వచ్చింది, అదీ బొంబాయి వాళ్లు తీస్తే. మన హీరోలకి ఆ కథ ఎందుకు కనపడలేదో నాకు అంతుపట్టదు.

ఇదంతా హైదరాబాద్ గొడవ, గోదావరి వాళ్లకి ఏం సంబంధం అంటారా? ఉంది. 2022 మేలో బ్యాంకాక్‌లో పద్నాలుగుసార్లు థామస్ కప్ నెగ్గిన ఇండోనేషియాని మన బ్యాడ్మింటన్ జట్టు 3-0తో ఓడించింది. ఆ కప్పు మనకి రావడం అదే మొదలు. ఫైనల్లో డబుల్స్ గెలిచిన జంటలో ఒకడు అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి. సాత్విక్ తండ్రి వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. చూశారా, ఇక్కడా డ్రిల్లు మాస్టారే. చాదర్‌ఘాట్‌లో జరిగింది కోనసీమలో మళ్లీ జరిగింది, ఆట మారిందంతే.

అలాంటి మాస్టార్లని మనం ఇప్పుడు ఏ పనికి వాడుకుంటున్నాం? ప్రార్థన దగ్గర పిల్లలని వరసలో నిలబెట్టడానికి, లెక్కల సారు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోబెట్టడానికి. పదో తరగతికి ఆటల పీరియడ్ టైం టేబుల్లో ఉంటుంది, జరగదు. ఆ గంట స్టడీ అవరు. రాజమండ్రిలో, భీమవరంలో, కాకినాడలో అపార్టుమెంటు లాంటి మేడల్లో బళ్లు నడుస్తున్నాయి. ఇంటర్వెల్‌లో పిల్లలు మెట్ల మీద నిలబడి బిస్కెట్లు తిని మళ్లీ గదిలోకి పోతారు. మా ఇంటి వెనక బడి పిల్లలు పార్కింగులో ప్లాస్టిక్ సీసా మూతని బంతి చేసుకుని కార్ల మధ్య తన్నుకుంటూ ఆడటం రోజూ చూస్తుంటాను. వాచ్‌మన్ కేకేస్తే ఆట ఆగిపోతుంది. మూతనే అంత ఒడుపుగా తన్నే పిల్లలకి బంతీ, నేలా ఇస్తే ఏం చేస్తారో మనం ఒక్కసారైనా చూశామా? పల్లెల్లో ప్రభుత్వ హైస్కూళ్లకి గ్రౌండ్లున్నాయి కానీ, వానాకాలంలో అవి నీటి మడుగులు, మిగతా రోజుల్లో సభలకీ పెళ్లి భోజనాలకీ.

నేలే లేదు, డెల్టాలో సెంటు ధర మండిపోతోంది, ఉన్నదంతా వరికీ రొయ్యల చెరువులకీ పోయిందని సర్దిచెబుతారు. నేను నమ్మను. సంక్రాంతి మూడు రోజులకి నేల ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎకరాలకి ఎకరాలు చదును చేసి బరులు కడతారు, గ్యాలరీలు లేస్తాయి, ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి, ఎల్‌ఈడీ తెరలు పెడతారు, కార్లకి పార్కింగు కూడా. కోడి కాలికి కత్తి కట్టడానికి ఇన్ని హంగులు సమకూర్చగలిగిన ఊరు, తన పిల్లలకి రెండు గోల్ పోస్టులు పాతించలేనంటే ఎలా ఒప్పుకుంటాం? చట్టం ఒప్పుకోని పందేనికి ముందువరసలో కూర్చునే ప్రజాప్రతినిధులు తమ నియోజకవర్గంలో ఏ హైస్కూల్ జట్టు ఏ టోర్నీలో ఆడిందో చెప్పగలరా? పండక్కి నేను వ్యతిరేకిని కాను. ఆ మూడు రోజుల లైట్లలో సగం మిగతా రోజుల్లో బడి గ్రౌండులో వెలగాలంటాను.

బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. కొత్తగా అడగవలసింది ఏమీ లేదు. ఈ వేసవి సెలవులు అయ్యేలోగా ఉభయ గోదావరుల జిల్లా విద్యాశాఖాధికారులు ఒక్క పని చేయాలి: గుర్తింపు ఇచ్చిన ప్రతి బడి పేరు, ఆ బడికి ఆటస్థలం ఎన్ని సెంట్లుందో, వ్యాయామోపాధ్యాయుడు ఉన్నాడో లేడో మండలాలవారీగా రాసి ఆఫీసు బయట గోడకి అంటించాలి. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఆ కాగితం చదువుకుని వెళతారు.