తలపడని వీరులు

వేర్వేరు తరాలకు చెందిన ఇద్దరు వీరులు బరిలో తలపడితే విజయం ఎవరిని వరిస్తుంది? ముష్టియుద్ధ ప్రియులను ఏనాటి నుంచో వెంటాడుతున్న ప్రశ్న ఇది. పరుగుపందెంలో గడియారం ఉంది. ఎత్తు దూకడంలో కొలబద్ద ఉంది. ముష్టియుద్ధంలో మాత్రం ఎదుటి మనిషే కొలబద్ద. ఆ మనిషి వేరొక కాలానికి చెందినవాడైతే పోలికకు మిగిలే ఆధారం ఊహ ఒక్కటే.

ఆ ఊహకు యంత్రబలం చేకూర్చే విచిత్ర ప్రయత్నం ఒకటి అమెరికాలో జరిగింది. 1967లో ముహమ్మద్ అలీ వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించాడు. అతని ప్రపంచ విజేత పట్టాన్ని లాగివేశారు; పోటీలలో పాల్గొనే అనుమతిని రద్దుచేశారు. అంతకు పూర్వమే, 1956లో, రాకీ మార్సియానో ఆడిన 49 పోటీలలోనూ గెలిచి, ఓటమి ఎరుగకుండా విశ్రమించాడు. ముర్రే వొరోనర్ అనే రేడియో నిర్మాత 1969లో వీరిద్దరినీ కెమెరాల ముందు నిలిపి, నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు ఉత్తుత్తి పోరు చేయించాడు. మార్సియానో పెరిగిన ఒళ్లు తగ్గించుకొని, బట్టతలకు విగ్గు పెట్టుకొని వచ్చాడు. పలు విధాల ముగింపులు చిత్రీకరించారు. ఏది నిజమో కంప్యూటరు తేలుస్తుందన్నారు. 1970 జనవరిలో అమెరికా ప్రేక్షకులు చూసిన చిత్రంలో అలీ 13వ రౌండులో నేలకూలాడు. ఐరోపాలో ప్రదర్శించిన కూర్పులో అలీయే గెలిచాడు! ఏ తీర్పునూ వినే అవకాశం మార్సియానోకు దక్కలేదు. 1969 ఆగస్టు 31న అతడు విమాన ప్రమాదంలో మరణించాడు.

నన్నయ పదకొండవ శతాబ్దివాడు, తిక్కన పదమూడవ శతాబ్దివాడు. ఇద్దరిలో ఎవరు మిన్న అని వాదించే సాహిత్యాభిమానులు నేటికీ ఉన్నారు. అయితే అక్కడ పద్యాలనైనా పక్కపక్కన పెట్టుకొని చదవవచ్చు. ముష్టియోధుల విషయంలో ఆ సదుపాయం కూడా లేదు. ఆటే మారిపోయింది. 1889లో జాన్ ఎల్. సలివన్, జేక్ కిల్‌రైన్ చేతితొడుగులు లేకుండా 75 రౌండ్లు పోరాడారు. 1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విల్లర్డ్ తలపడిన పోటీని 45 రౌండ్లకు నిర్ణయించారు. అలీ కాలానికి అవి 15 అయ్యాయి. 1982లో డుక్ కూ కిమ్ అనే కొరియా యువకుడు పోటీలో తగిలిన దెబ్బలకు మరణించిన తరువాత క్రమంగా 12కు తగ్గాయి. నలభై రౌండ్ల కోసం శక్తిని దాచుకొనేవాని నేర్పు, పన్నెండు రౌండ్లలో దానిని ధారపోసేవాని నేర్పు ఒక్కటి కావు.

గెలుపుల సంఖ్యను ప్రమాణంగా తీసుకోవడమూ ప్రమాదకరమే. మార్సియానో 1951లో ఓడించిన జో లూయీ అప్పటికి 37 ఏళ్లవాడు. పన్ను బకాయిల భారం తీర్చుకోవడానికి తిరిగి బరిలోకి దిగినవాడు. 1938లో మాక్స్ ష్మెలింగ్‌ను 124 సెకన్లలో మట్టికరిపించిన లూయీ అతడు కాడు. పైగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికుడిగా పనిచేసిన లూయీకి 1942 నుంచి 1946 వరకు పట్టం కోసం పోరే లేదు. సైన్యంలో చేరి ఒకడు, చేరనందుకు ఒకడు, ఇద్దరూ కొన్ని మంచి సంవత్సరాలను కోల్పోయారు. 25 ఏళ్ల వయసులో బరికి దూరమైన అలీ 28వ ఏట తిరిగివచ్చాడు. ఆ నడుమ అతడు ఎంతటివాడై ఉండేవాడో ఏ కంప్యూటరు చెప్పగలదు?

వీటన్నింటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఎవరు ఎవరిని ఓడించారన్నది పట్టికలలో దొరుకుతుంది. ఎవరు ఎవరితో పోరాడటానికి నిరాకరించారన్నది దొరకదు. సలివన్ నల్లజాతివారితో పట్టం కోసం పోరాడనని బాహాటంగానే చెప్పాడు. జిమ్ జెఫ్రీస్ కూడా విజేతగా ఉన్నంత కాలం వారికి అవకాశం ఇవ్వక, 1905లో అజేయుడన్న కీర్తితో తప్పుకొన్నాడు. జాక్ జాన్సన్ 1908లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దాకా వెళ్లి టామీ బర్న్స్‌ను ఓడిస్తే గాని ఒక నల్లజాతీయునికి హెవీవెయిట్ పట్టం దక్కలేదు. తెల్లవారి పరువు నిలబెట్టమని ప్రోద్బలం చేయగా జెఫ్రీస్ తిరిగివచ్చి, 1910 జులై 4న రీనోలో 15వ రౌండులో జాన్సన్ చేతిలో ఓడిపోయాడు. ఆ రాత్రి అమెరికా నగరాలలో నల్లజాతివారిపై దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. 1915లో జాన్సన్ ఓడిన తరువాత లూయీ గెలిచిన 1937 వరకు మరే నల్లజాతీయునికీ ఆ పట్టం కోసం పోరాడే అవకాశమే ఇవ్వలేదు.

వొరోనర్ అంతకుముందు నిర్వహించిన రేడియో పోటీలో అలీ ఓడిపోయినట్లు ప్రకటించింది సరిగ్గా ఈ జెఫ్రీస్ చేతిలోనే. అలీ పది లక్షల డాలర్లకు దావా వేశాడు. అది అహంకారమని కొందరు తలచి ఉండవచ్చు. జీవనోపాధి కోల్పోయి ఇంట కూర్చున్న మనిషి కీర్తిని కూడా, తన జాతివారికి అవకాశం నిరాకరించిన విజేతకు అప్పగిస్తే ఊరుకోవడం న్యాయమా?

ఎదుర్కొన్న ప్రత్యర్థుల స్థాయిని బట్టి నిర్ణయించవలసి వస్తే హెవీవెయిట్లలో అలీకే అగ్రస్థానం ఇవ్వాలి. లిస్టన్, ఫ్రేజియర్, ఫోర్‌మన్ వంటి ముగ్గురు దిట్టలను గెలిచినవాడు మరొకడు లేడు. 1974లో కిన్షాసాలో తాళ్లకు ఆనుకొని దెబ్బలను కాచుకొంటూ, అలసిన ఫోర్‌మన్‌ను 8వ రౌండులో పడగొట్టిన అలీలో 1967 నాటి వేగం లేదు. ఆ లోటును బుద్ధిబలంతో పూరించాడు. అయినా జాన్సన్‌ను అతని కంటె తక్కువవాడనడానికి ఆధారాలు చాలవు. ఇక జాన్సన్ సైతం నిర్దోషి కాడు. తాను విజేత అయిన తరువాత, 1906లో తనను గట్టిగా ఎదిరించిన శామ్ లాంగ్‌ఫర్డ్‌తో మళ్లీ తలపడలేదు. ఎందరో వీరులు భయపడిన ఆ లాంగ్‌ఫర్డ్‌కు హెవీవెయిట్ ప్రపంచ పట్టం కోసం పోరాడే అవకాశం జీవితంలో ఒక్కసారి కూడా రాలేదు.