వైద్యశాలకు పోవుటకు ముందు



ఋణశేషమును, రోగశేషమును ఉంచరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఈ రెంటిని వారొక్క మాటలో చేర్చుటలో గొప్ప లోకానుభవము గలదు. రోగిని వైద్యశాలకు తీసికొనిపోవు నిల్లాలు క్రొత్త రోగమును, క్రొత్త ఋణమును వెంట తెచ్చుకొనకుండు టెట్లో యీ నెల ముచ్చటింప దలచితిమి.

మొదట రోగమును గూర్చి. వైద్యుని కొరకు వేచియుండు గదిలో దగ్గువాడు, జ్వరపీడితుడు, గర్భిణి, పసిబిడ్డ యొక్క బల్లపైననే కూర్చుందురు. తట్టు సోకినవాడు లేచిపోయిన పిదప గూడ 2 గంటలవరకు ఆ రోగబీజములు గాలిలో నిలువగలవు. కావున మనవారికి దగ్గుగాని, ఒంటిపై దద్దురులతోడి జ్వరముగాని యున్నచో ముందే ఫోనులోనైనను, గుమ్మముకడనైనను ఆ సంగతి తెలుపవలెను. రోగికి మాస్కు కట్టి, తెరచిన కిటికీ దగ్గర వేరుగా కూర్చుండబెట్టవలెను. పనిలేని పిల్లల నింటనే యుంచుట మేలు. తిరిగి వచ్చినతోడనే సబ్బుతో 20 సెకండ్లైనను చేతులు కడుగుకొనవలెను. సూదిమందు వేయునపుడు క్రొత్త సూదిని మన యెదుటనే పొట్లము విప్పి తీయుమని యడుగుట తప్పు గాదు.

ఇక ఋణము. కూరలబజారులో రూపాయికై గీచి గీచి బేరమాడు గృహిణికి వైద్యశాలలో "ఎంత యగును?" అని యడుగుటకు నోరు పెగలదు. అడిగినచో రోగిని సరిగా చూడరేమో యని భయము. మే మెఱిగిన యొక యిల్లాలు, భర్తకు శస్త్రచికిత్స జరిగిన మూడవనాడు గాని లెక్క యడుగలేదు. అప్పటికి గాజులు కుదువబెట్టినను చాలదాయెను. ముందే తెలిసినచో ఆమె ప్రభుత్వ వైద్యశాలను గూర్చియో, ఆరోగ్యపథకమును గూర్చియో విచారించి యుండెడిది.

వ్యయము నడుగుట మన హక్కు. 2018లో జాతీయ మానవహక్కుల సంఘము సిద్ధపరచిన 17 హక్కుల పత్రములో, చికిత్సకు కాగల ఖర్చును తెలిసికొనుటయు, రెండవ వైద్యుని యభిప్రాయము గైకొనుటయు, మందులను పరీక్షలను తమ కిష్టమైనచోట పొందుటయు జేర్పబడినవి. 2010 నాటి కేంద్రచట్టము క్రింది 2012 నియమములను బట్టి వైద్యశాలలు తమ ధరలను స్థానికభాషలోను, ఇంగ్లీషులోను కనబడునట్లు ప్రదర్శింపవలెను. తెలంగాణ మా చట్టమును స్వీకరించినది; ఆంధ్రప్రదేశమునకు 2002 నాటి స్వంత చట్టము గలదు.

మంచము తీసికొనకముందే యీ ప్రశ్న లడుగుడు: ఎన్ని దినము లుండవలెను? గది యద్దె, వైద్యుని ఫీజు, శస్త్రచికిత్స, పరీక్షలు, మందులు వేరువేరుగా నెంతెంత? వ్యాధి ముదిరినచో నదనముగా నెంత కావచ్చును? పథకముగాని, బీమాగాని వర్తించునా? సమాధానమును కాగితముపై వ్రాయించి తీసికొనుడు. అంచనా కొంత మారవచ్చును; కాని మారినపుడు కారణ మడుగుటకు ఆ కాగితమే యాధారము.

ప్రాణాపాయవేళ మాత్రము లెక్కలకై క్షణమైనను జాగు చేయరాదు. గాయపడినవారికి తక్షణము చికిత్స చేయవలెనని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది.

పై ప్రశ్నలను నేడే యొక చీటిపై వ్రాసి మందులపెట్టెలో నుంచుకొనుడు. కంగారువేళ అవి జ్ఞప్తికి రావు.