జిగురు రాసిన ముందుమాట

హైదరాబాద్ సంస్థానం దేశంలో కలిసిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే ఓరుగల్లులో ఒక్కో పార్టీ ఆఫీసు ముందు ఒక్కో పేరుతో జెండా ఎగురుతుంది. ఒకరిది విమోచన, ఒకరిది విలీనం, ఇంకొకరిది సమైక్యత. 2024 నుంచి సర్కారు వారిది ప్రజాపాలన. పార్టీలు ఏ పేరైనా పెట్టుకోనీ, నా చిరాకు దాని గురించి కాదు. గద్దె మారినప్పుడల్లా ఈ పేచీ బడి పుస్తకంలోకి దూరుతోంది. 2024 జూన్‌లో బళ్లు తెరవగానే పంచిన తెలుగు వాచకాల ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరుందని తెలిసి, పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించారు. పాఠం చెప్పాల్సిన సార్లు, టీచరమ్మలు కూర్చుని ఆ పేజీలకు జిగురు రాయాల్సి వచ్చింది. అంతకు ఏడాది ముందు పదో తరగతి సాంఘిక శాస్త్రం అట్ట మీద రాజ్యాంగ పీఠిక 'సామ్యవాద', 'లౌకిక' అన్న మాటలు లేకుండానే అచ్చయింది. పొరపాటన్నారు. కావచ్చు, పొరపాటుకు కూడా ఆ రెండు మాటలే దొరికాయి మరి.

ఏ పాఠం పెట్టినా రాజకీయమే కదా, రాష్ట్రం వచ్చాక తెలంగాణ పాఠాలు పెట్టింది మాత్రం రాజకీయం కాదా అని అడిగేవాళ్లున్నారు. ముమ్మాటికీ రాజకీయమే. రాష్ట్రం రాకుంటే కాళోజీకి, దాశరథికి, చాకలి ఐలమ్మకు వాచకాల్లో ఇంత చోటు దక్కేది కాదు. ఆ మార్పును నేను సమర్థిస్తాను, ఎందుకంటే అది ఏళ్ల తరబడి సభల్లో, వీధుల్లో బాహాటంగా వాదించి సాధించుకున్నది. ఢిల్లీలో జరిగింది వేరు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో, గాంధీ హత్య తర్వాత ఆరెస్సెస్‌ను కొంతకాలం నిషేధించారన్న మాట 2023కల్లా మాయమైంది. 2022లో ప్రకటించిన తొలగింపుల జాబితాలో అది లేదు. అడిగితే అక్కడా పొరపాటే! చెప్పి మార్చితే ఎదురు వాదించవచ్చు. చెప్పకుండా కోస్తే ఎవరితో వాదించాలి?

అసలు ఈ కొట్లాట ఇంత ముదరడానికి కారణం, సర్కారు బడి పిల్లవాడి చేతికి అందే పుస్తకం ఈ వాచకం ఒక్కటే కావడం. నిజాం కాలంలో ఉర్దూ చదువులు నడుస్తుంటే మన పెద్దలు 1901లో హైదరాబాదులో, 1904లో ఇక్కడే హనుమకొండలో భాషానిలయాల పేరుతో గ్రంథాలయాలు పెట్టుకున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. దొరతనం చెప్పని చదువు ఆ దారిన ఇల్లు చేరింది. ఇవాళ ఇంటిపన్నుతో పాటు నూటికి 8 రూపాయల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలు చేసిన ఆ సొమ్ము మున్సిపాలిటీలు సక్రమంగా జమ చేయడం లేదని గ్రంథాలయ సంస్థలు మొత్తుకుంటూనే ఉన్నాయి. బడిలో గ్రంథాలయం అంటే తాళం వేసిన బీరువా. ఎగ్గొట్టిన సెస్సు ఎంతో మున్సిపల్ ఆఫీసు గోడ మీద రాయించమనండి. ఏ ఏడాది ఏ పాఠం తీశారో, ఎందుకు తీశారో మన రాష్ట్రంలో బడి పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ గేటుకు అంటించమనండి. జిగురు ఎలాగూ మిగిలే ఉంటుంది.