మడి కాదు, మంచినీళ్లు కావాలి

వీధి తిండి భద్రత గురించి చర్చ వచ్చినప్పుడల్లా నాకు మా అమ్మ ఇడ్లీ బండి గుర్తుకు వస్తుంది. కోస్తాలో ఒక చిన్న పట్టణం, బస్టాండు ఎదుట చింతచెట్టు నీడ. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పిండి, చట్నీ, రెండు బిందెల నీళ్లతో ఆమె బయలుదేరేది. మొదటి నెల బేరం బాగా సాగింది. ఒకరోజు ఎవరో ‘మీది ఏ పేట?’ అని ఆరా తీశారు. అమ్మ అబద్ధమాడలేదు. వారం తిరక్కుండానే రోజూ వచ్చేవారిలో సగం మంది అవతలి బండికి మారిపోయారు. ఇడ్లీ అదే, చట్నీ అదే. తినేవారికి కొత్తగా తెలిసింది మా కులం ఒక్కటే.

ఈ జ్ఞాపకానికి రెండో సగం ఉంది. దాన్ని దాచడం నిజాయితీ కాదు. తిన్న ప్లేట్లన్నీ అమ్మ ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసేది. ఎండెక్కేసరికి ఆ నీళ్లు చిక్కగా మారేవి. కుళాయి అర కిలోమీటరు దూరం, బిందెలు రెండే. ఆ ప్లేట్లలో తిన్న రిక్షా కార్మికులలో, అడ్డా కూలీలలో ఎందరికి విరేచనాలు పట్టుకున్నాయో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అమ్మ చేతిని మైలగా చూసిన వారిది కులరోగం. బకెట్ నీళ్లలోని ప్రమాదం మాత్రం నిజమైనది. దానికి మొదట బలయ్యేది కూడా పేదలే. కాబట్టి వీధి తిండిపై నియంత్రణే వద్దని నేను అనను. ఏది మడి, ఏది శుభ్రత అన్నది తేల్చుకోకుండా చేసే నియంత్రణతోనే నా పేచీ.

సురక్షిత ఆహారానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సూత్రాలు చెప్పింది. శుభ్రత పాటించడం, పచ్చివాటినీ వండినవాటినీ వేరుగా ఉంచడం, బాగా ఉడికించడం, తగిన వేడిమిలో లేదా చల్లదనంలో నిల్వ చేయడం, సురక్షితమైన నీరూ సరుకులూ వాడడం. ఐదింటిలో ఒక్కటీ వండినవారి పుట్టుకను అడగదు.

2024లో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూద్దాం. అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ మరణించింది, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఆపై తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. అంతకుముందు జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని పోలీసులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. మొదటిది ప్రమాదకరమైన పదార్థాన్ని పట్టుకుంది, రెండోది మనిషిని పట్టుకుంది. పేరు చదివితే మతం తెలుస్తుంది, చాలాసార్లు కులమూ తెలుస్తుంది. మూకుడులోని నూనె ఎన్నిసార్లు మరిగిందో మాత్రం తెలియదు.

రాజ్యాంగంలోని 15(2) అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి ప్రవేశించకుండా కులం పేరిట ఎవరినీ అడ్డుకోరాదని చెప్పింది. దళితుడు కొనుగోలుదారుగా లోపలికి వెళ్లే హక్కు అది. దళితుడే అమ్మకందారైనప్పుడు కొనేవాణ్ణి అతని బండి దగ్గరకు తెచ్చే అధికరణం ఏదీ లేదు. 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ఈ లోటును కొంత పూడ్చగలిగేది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రయదారులే ఉండాలనీ, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలనీ, ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలనీ అది నిర్దేశించింది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని కూడా చెప్పింది.

అమ్మ కాలానికి ఆ చట్టం లేదు. ఒక పండుగ ముందు మునిసిపల్ సిబ్బంది ‘అపరిశుభ్రత’ అంటూ బండిని లారీలో ఎత్తుకెళ్లారు. బకెట్‌లోని నీళ్లను ఎవరూ పరీక్షించలేదు. ఇక్కడ కుళాయి ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అమ్మ అదే వీధిలోని హోటల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. ఆమె వడ్డిస్తే తినని వారు ఆమె తోమిన పళ్లాల్లో నిశ్చింతగా తిన్నారు. తెర వెనుక ఆ చేతులు కనబడకపోతే వారికి చాలు.

ఇప్పుడు ఆహార భద్రత చట్టం కింద చిన్న విక్రేత నమోదు కావచ్చు. నమోదు కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన బకెట్‌లోకి మంచినీళ్లు రావు. 2018లో అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు వద్ద దేశంలో తొలి ‘పరిశుభ్ర వీధి ఆహార కేంద్రం’ గుర్తింపు పొందింది. అలాంటి కేంద్రాలు మన పట్టణాల్లోనూ రావాలి. కాని వాటిలో చోటు ఎవరికి దక్కుతుందన్నది కులప్రశ్న. ఆ కేటాయింపు అధికారుల ఇష్టానికో, పలుకుబడికో వదిలేస్తే పేటల నుంచి వచ్చిన ఆడవాళ్లు మళ్లీ అంట్ల దగ్గరే మిగిలిపోతారు.

అందుకే నేను కోరేవి మూడు. బండ్లు నిలిచే ప్రతిచోటా తాగునీటి కుళాయి, మురుగు పోయే దారి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. జరిమానాకు ముందు ఉచిత శిక్షణ, నీటికీ నూనెకీ ఉచిత పరీక్ష జరగాలి. నూనెలో ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదన్న నిబంధన ఉంది. దాన్ని కొలిచే పరికరం కొనుక్కోమని బజ్జీలమ్మే ఆమెకు చెప్పడం అన్యాయం, అది మునిసిపాలిటీ చేతిలో ఉండాలి. ఇక విక్రయ కమిటీల్లో దళిత మహిళల స్థానాలు నిజమైన ఎన్నికతో నిండాలి. ఇవన్నీ చేశాక కూడా ప్లేట్లు మురికినీళ్లలో ముంచేవారిపై చర్య తీసుకుంటే నేను అభ్యంతరపెట్టను. ఆ విక్రేత మా పేట మనిషైనా సరే.

‘మీది ఏ పేట?’ అని అడిగేవాడి మనసు మార్చడం రేపటికి రేపు జరిగే పని కాదు. బండి పక్కన కుళాయి వేయడం ఒక్కరోజు పని. ముందు అది చేయండి.