కలరా ఉండలతో ఉడుత పోదు

మొన్న ఆదివారం మా కాలనీలో మిద్దెతోటల వాళ్ళం ఇరవై మందిమి ఒకచోట చేరాం. అందరం గౌరవించే ఒక పెద్దాయన ఉడుతల గురించి అరగంట మాట్లాడారు. కుండీల చుట్టూ కారం చల్లమన్నారు. కొమ్మకొమ్మకీ కలరా ఉండలు కట్టమన్నారు. శబ్దంతో తరిమే యంత్రం కొనమన్నారు. వీటిలో ఏదీ పనిచేయకపోతే ఎలుకల జిగురు అట్టలు పరవమన్నారు. "ఉడుత కూడా ఎలుకే, తోక చూసి జాలిపడకండి" అని ముగించారు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. కొత్తగా కాపురానికొచ్చి నాలుగు కుండీలు పెట్టుకున్న అమ్మాయి నా పక్కనే కూర్చుంది. "జిగురు అట్ట పెద్దది తెచ్చుకోనా, చిన్నదా ఆంటీ?" అని నన్నడిగింది. అప్పుడే లేచి అడ్డు చెప్పాల్సింది. పెద్దాయన మాట కాదనడానికి మొహమాటపడ్డాను. ఆ తప్పు ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

ఆయన బాధ అబద్ధమని నేననడం లేదు. మూడేళ్ళు పెంచిన దానిమ్మ తొలికాపుకు తొమ్మిది కాయలు నిలబడితే, ఏడింటికి బొక్కలు పడిన పొద్దున నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి. "రాముడు వీపు నిమిరిన జీవం, తింటే తిననివ్వండి" అని సర్దిచెప్పేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. మెట్ల మీదుగా మట్టి మోసి, మే నెల ఎండలో రెండు పూటలా నీళ్ళు పోసి పెంచుకున్న కాయ ఇంట్లో పిల్లలు తినాలని కోరుకోవడంలో తప్పేముంది? కాయ దక్కాలి. ఆయన చెప్పిన దారిలో పోతే కాయ దక్కదు, ప్రాణాలు మాత్రం పోతాయి.

ముందు ఏ ఉడుత గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఆయన చిట్కాల్లో చాలావరకు అమెరికా, ఇంగ్లండు పెరళ్ళలో పుట్టినవి. అక్కడి బూడిద ఉడుత అర కిలో వరకూ తూగుతుంది. చలికాలానికి దాచుకునే గింజలను ఒక్కొక్కటిగా మట్టిలో పాతిపెడుతుంది. అందుకే కుండీలు తవ్వుతుంది, తులిప్ దుంపలు పెకలిస్తుంది. పైగా ఇంగ్లండుకు అది పరాయి జంతువు. 1876లో చెషైర్‌లో తెచ్చి వదిలిన దగ్గర్నుంచి పెరిగిపోయి, అక్కడి సొంత ఎర్ర ఉడుతను చాలాచోట్ల లేకుండా చేసింది. అందువల్ల పట్టుకున్న బూడిద ఉడుతను మళ్ళీ బయట వదలడమే అక్కడ నేరం. న్యూజెర్సీలో పెరట్లో గోంగూరా టమాటాలూ వేసుకున్న మనవాళ్ళు ఆ ఉడుతతో పడే అవస్థ వేరు, వాళ్ళకు దొరికే సలహాలు వేరు. అవే సలహాలు వీడియోల్లో మన ఫోన్లలోకొచ్చి, ఉడుత పేరు ఒకటే కాబట్టి, మన మేడలకూ సరిపోతాయనిపిస్తున్నాయి. మన పిట్టగోడ మీద పరిగెత్తేది మూడు చారల ఉడుత, బరువు నూరు గ్రాములకు అటూ ఇటూ. అది ఈ నేల మీదే పుట్టి పెరిగిన జాతి. బూడిద ఉడుతను ఆపే అంగుళం కన్ను వల కట్టుకుంటే మన ఉడుత పిల్ల అందులోంచి హాయిగా దూరిపోతుంది. మా మేడ మీద సరిగ్గా అలాగే దూరింది.

మరి మన ఉడుత కుండీ ఎందుకు తవ్వుతుంది? నాటిన గింజ కోసం, లేదా మనం వేసిన ఎరువు కోసం. వేరుశనగ చెక్క పొడి చేసి కుండీ పైపైన చల్లితే ఆ వాసన ఏం పిలుస్తుందో ఆలోచించండి. కూరగాయ తొక్కలు సగం పూడ్చి వదిలే అలవాటూ అంతే. చెక్కను రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి, బాగా పలచన చేసి పోస్తే పైన ఏరుకోవడానికి ఏమీ మిగలదు. ఇక కొబ్బరి పీచు బుట్టలు, పీచు చుట్టిన కర్రలు చింపేయడం గురించి: అది గూడు కట్టుకుంటోందని అర్థం. పీచు, దూది, గుడ్డపేలికలు, ఎండుగడ్డి, ఏది దొరికితే అది పళ్ళతో పీకి తీసుకుపోతుంది. మొక్క మీద దానికి పగేమీ లేదు. మేడ మీద ఒక మూల కాస్త విడి పీచు పడేసి చూడండి. మా ఇంట్లో ఆ తరవాత వేలాడే బుట్టల జోలికి రావడం తగ్గింది.

ఇప్పుడు కారం. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ క్షీరదాల నోట్లో, కంట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తాకుతుంది. ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కాబట్టి ఉడుతకు మంట పుడుతుందన్న మాట నిజమే, దాన్ని కాదనను. అయితే రెండు పూటలా నీళ్ళు పోసే కుండీలో చల్లిన పొడి ఎంతసేపుంటుంది? గాలికి లేచే కారం మొదట తాకేది కుండీ మీదకు వంగిన మన కళ్ళకే. తరవాత, ముందుకాళ్ళతో మూతీ కళ్ళూ తుడుచుకునే ఆ చిన్న జంతువుకి. ఇంకో సంగతి కూడా ఉంది. పక్షుల్లో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. చిలకలు మిరపపళ్ళు ఇష్టంగా తినేది అందుకే. జామపండు పొడిచింది చిలకో పిగిలిపిట్టో అయితే, కిలో కారం చల్లినా ఒక్క కాయ మిగలదు.

కలరా ఉండల సలహా ఇంకా ప్రమాదకరం. అది నాఫ్తలీన్. మూసిన బీరువాలో ఆవిరి నిలిచినప్పుడు బట్టల పురుగుల మీద పనిచేసే వస్తువు. ఆరుబయట మేడ మీద ఆ ఆవిరి నిలిచేదెక్కడ? మనకు మిగిలేది కూరగాయల మధ్య వేలాడే విషం. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలు నాఫ్తలీన్ మింగితే వాళ్ళ ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు వస్తాయి. తమకు ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు తెలియను కూడా తెలియదు. తెల్లగా, గుండ్రంగా, చక్కెర బిళ్ళలా ఉండే దాన్ని మనవలు ఆడుకునే చోట కొమ్మకు కట్టమని చెప్పేముందు ఆ పెద్దాయన ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది.

శబ్ద యంత్రాల గురించి ఎక్కువ చెప్పను. 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వీటిని తయారుచేసే, అమ్మే అరవైకి పైగా సంస్థలకు, మీరు చేసుకునే ప్రచారానికి శాస్త్రీయ ఆధారం ఉండి తీరాలని హెచ్చరిక లేఖలు రాసింది. అదే డబ్బు పెడితే ఇనప వల వస్తుంది.

జిగురు అట్ట దగ్గర మాత్రం ఆగాలి. దాని మీద అడుగుపెట్టిన జంతువు వెంటనే చావదు. విడిపించుకోవాలని లాగిన కొద్దీ బొచ్చు ఊడుతుంది, చర్మం చిరుగుతుంది, కొన్ని తమ కాళ్ళను తామే కొరుక్కుంటాయి. దాహంతో, భయంతో, అలసటతో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బతికే ఉంటాయి. "ఉడుత కూడా ఎలుకే" అన్న మాటకు జవాబూ ఇక్కడే ఉంది. రెండూ కొరికే జంతువులే, వాటి కుటుంబాలు వేరు, వేళలు వేరు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ఉడుత పగలు తిరిగి చీకటి పడేసరికి గూటికి చేరుతుంది. కాబట్టి ఉడుత కోసం పరిచే అట్ట పగటిపూట ఆరుబయట ఉండాలి. పురుగులను తినే తొండలు, గింజలకు వాలే పిచ్చుకలు తిరిగే వేళ కూడా అదే. నాలుగేళ్ళ కిందట మా పక్క మేడ మీద అలాంటి అట్టకు అతుక్కున్న పిచ్చుకను వంటనూనె రాసి విడదీశాను. రెక్క ఈకలు సగం అట్టకే ఉండిపోయాయి. అది ఆ సాయంత్రమే చనిపోయింది. ఎలుక అట్టకు అంటుకుంటే సరేనా అని ఎవరైనా అడిగితే, అదీ సరికాదనే చెబుతాను.

తల్లి ఉడుత చస్తే కథ అక్కడితో అయిపోదు. ఈతకు రెండు మూడు పిల్లలు పుడతాయి. కళ్ళు తెరవకుండా, ఒంటి మీద వెంట్రుక లేకుండా పుట్టి, వారాల తరబడి పాల మీదే బతుకుతాయి. అవి గూట్లో ఆకలితో అరిచి అరిచి ఆగిపోతాయి. ఎలుకల మందు పెట్టేవాళ్ళూ ఇది ఆలోచించాలి. బ్రోమడయొలోన్ లాంటి మందు తిన్న జంతువు కొన్ని రోజుల తరవాత లోపల రక్తం కారి చస్తుంది. ఈలోగా దాన్ని పట్టి తిన్న పిల్లికీ, గుడ్లగూబకీ ఆ విషం చేరుతుంది. చట్టం సంగతీ ఒక మాట. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం దృష్టిలో జంతువంటే మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ. కావాలని, తగిన కారణం లేకుండా హాని చేసే పదార్థం తినిపించడం దాని 11వ సెక్షన్ కింద నేరం.

"చంపం, బోనులో పట్టి ఊరవతల వదులుతాం" అనేవాళ్ళు మంచి మనసుతోనే అంటారని నాకు తెలుసు. అమెరికాలోని మేరీలాండ్‌లో 38 బూడిద ఉడుతలను ఊళ్ళో పట్టి అడవిలో వదిలి గమనించారు. వాటిలో 97 శాతం త్వరలోనే చనిపోయాయి, లేదా ఆ చోటు నుంచి మాయమయ్యాయి. గూడెక్కడో, నీళ్ళెక్కడో, శత్రువెవరో తెలియని చోట ఏ ఉడుతకైనా బతకడం కష్టమే. ఇక్కడ ఖాళీ అయిన చోటులోకి పక్క చెట్టు మీది ఉడుత వచ్చి చేరుతుంది.

ఆయన ఇంకో వాదన, "రైతులు కూడా చంపుతూనే ఉన్నారు కదా" అని. మా పుట్టిల్లు పశ్చిమ గోదావరి. కొబ్బరిలో కోకో అంతరపంట. ఉడుతల వల్ల నిజంగా డబ్బు పోగొట్టుకునేవాళ్ళు ఆ రైతులే. నా దానిమ్మ పోయినప్పుడు మా అన్నయ్యకు ఫోన్ చేసి ఏడుపుగొంతుతో చెప్పాను. "బొక్క ఎక్కడుందే? తొడిమ దగ్గరా, నడిమిలోనా?" అని అడిగాడు. ఎందుకన్నాను. కోకో కాయకు తొడిమ దగ్గర గుండ్రంగా బొక్క పడితే ఎలుక, కాయ నడిమిలో పడితే ఉడుత. వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. తరవాత ఇంకో ప్రశ్న వేశాడు. "పండేదాకా చెట్టు మీద ఎందుకుంచావు?" కోకో కాయ రంగు తిరగడం మొదలవగానే కోసేస్తారు. లోపలి తీపి గుజ్జు కోసం ఉడుత వచ్చేది కాయ పండబోతున్నప్పుడే. విలువైన కాయలకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచులు తొడుగుతారు. ఎలుకలకు మందు పెడతారు, ఉడుతలకు బోన్లూ పెడతారు, దాచను. అయినా ఏటా పంటను కాపాడేది వేళకు కోయడం, కాయను కప్పడం. రైతును సాక్షిగా తెచ్చుకునేవాళ్ళు ఆ సాక్ష్యం మొత్తం వినాలి.

ఆ ఫోను తరవాత నేను చేసిన మొదటి పని లెక్క. సాయంత్రం ఆరింటికి మేడ మీది కాయలన్నీ లెక్కపెట్టి, తెల్లారకముందే టార్చితో మళ్ళీ చూశాను. పది రోజులు అలా చూస్తే, ఉడుతని తిట్టుకున్న నష్టంలో సగం రాత్రిపూట జరుగుతోందని తేలింది. టమాటాలు ఎలుకలవి. లేత బచ్చలి ఆకులు నత్తలవి, ఆకు మీద మెరిసే జిగట చార వాటి ఆనవాలు. మొలకెత్తే చిక్కుడు గింజలు, జామ, దానిమ్మ మాత్రం నిజంగా ఉడుతవే.

గింజలు నాటిన కుండీ మీద ఇప్పుడు ప్లాస్టిక్ కూరగాయల బుట్ట బోర్లించి పైన ఇటుక పెడుతున్నాను, మొలకకు నాలుగు ఆకులు వచ్చేదాకా. పెద్ద కుండీల మట్టి మీద గులకరాళ్ళు పరిచాను. దానిమ్మకు అరంగుళం కన్ను ఇనప మెష్‌ను గొట్టంలా చుట్టి, రెండు చివరలా మడిచి, కాయ పిందెగా ఉన్నప్పుడే తొడుగుతున్నాను. గుడ్డ సంచి కట్టి చూశాను, కొరికి పీలికలు గూటికి తీసుకుపోయింది. సన్నటి నైలాన్ పిట్టవల మాత్రం కట్టకండి, అందులో పాములూ పిట్టలూ చిక్కుకుని ఉరిపడతాయి. జామ పసుపు తిరగ్గానే కోసి ఇంట్లో మగ్గబెడుతున్నాను. ఎండాకాలం నీళ్ళ గిన్నె పెడితే కాయల జోలికి రావంటారు. గిన్నె పెట్టాను, గాట్లు తగ్గలేదు. నీళ్ళ కోసం వచ్చే ప్రాణులున్నాయి కాబట్టి గిన్నె తీయలేదు. నిరుడు దానిమ్మకు పదకొండు కాయలొస్తే తొమ్మిది ఇంట్లోకొచ్చాయి. మెష్‌కు అయిన ఖర్చు మూడు వందలు, మూడేళ్ళుగా అదే వాడుతున్నాను.

ఆ అమ్మాయికి నిన్న రెండు మీటర్ల మెష్, కత్తెర ఇచ్చి, గొట్టం చుట్టడం చూపించి వచ్చాను. జిగురు అట్ట అప్పటికే కొనేసింది, కవరు ఇంకా విప్పలేదు. షాపులో తిరిగిచ్చేస్తానంది. వచ్చే నెల సమావేశంలో ఆ పెద్దాయనకు నమస్కారం పెట్టి, అట్టల మాట, కలరా ఉండల మాట అందరి ముందూ వెనక్కి తీసుకోమని అడగబోతున్నాను. మొన్న రాసుకున్నవాళ్ళందరూ అక్కడే ఉంటారు.