పెట్టె మీద దీపాలు దండగేనా?

తోటి మిత్రులకూ తమ్ముళ్ళకూ ఒక మాట.

మన హాస్టల్‌కి కీబోర్డు కొంటారన్న కబురు వచ్చిన దగ్గర్నించి మెస్ లైన్లో రెండు పార్టీలు తయారయ్యాయి. బటన్లూ తెరా వెలిగే రకం కావాలని ఒక పార్టీ. "దీపాలు పాట పాడతాయేంట్రా? ఆ మిగిలే డబ్బుతో ఇంకో డోలక్ వస్తుంది" అని రెండో పార్టీ. నా అభిప్రాయం అడిగితే, వెలుగు కావాలి. అయితే అందం కోసం మాత్రం కాదు.

రెండో పార్టీ మాటలో నిజం లేకపోలేదు. కొమ్ము కోయ ఆటలో డోళ్ళు కొట్టేవాళ్ళు అర్ధరాత్రయినా చెయ్యి వంక చూడరు. డోలు తోలు ఎక్కడుందో చేతికే తెలుసు. కీబోర్డు మెట్లు కూడా అంతే. నల్ల మెట్లు రెండేసి మూడేసి గుంపులుగా ఉంటాయి గనుక వేలితో తడిమితే 'సా' ఎక్కడుందో దొరుకుతుంది. కాబట్టి వాయించడానికి దీపం అక్కర్లేదు, ఒప్పుకుంటున్నాను.

చిక్కంతా పైనున్న బటన్ల దగ్గరే. మన కోనసీమలో ఏ కంపెనీ కీబోర్డునైనా 'క్యాసియో' అనే పిలుస్తారు గదా, ఆ పెట్టె మీద ఒకే సైజులో ఒకే వరసలో ముప్పై నలభై బటన్లుంటాయి. వేణువు ఏదో, వయొలిన్ ఏదో, తాళం ఏదో వేలికి తెలియదు. చూసి నొక్కాల్సిందే.

దీనికి పెద్ద ఉదాహరణ యమహా డి.ఎక్స్.7. 1983లో వచ్చింది. ప్రపంచమంతా లక్షకు పైగా అమ్ముడుపోయింది. దాని తెరకి వెనక దీపం లేదు, బటన్లేమో రేకులాగా చదునుగా ఉండేవి. అంటే చీకట్లో కంటికీ దొరకవు, వేలికీ దొరకవు. అయినా ఆ రోజుల్లో ఎన్నో పాటల్లో అది మోగింది. దీపం లేకపోతే సంగీతం ఆగిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ 1988లో వచ్చిన కోర్గ్ ఎం.1కి వెలిగే తెర పెట్టారు. అవసరం లేకుండానే పెట్టారా?

ఇంకో సంగతి వినండి. అమెరికా గాయకుడు స్టీవీ వండర్‌కి చూపు లేదు. 1983లో ఆయన కోసం తయారుచేసిన కర్జ్‌వైల్ 250 నమూనాలో బటన్ల మీదా జరిపే మీటల మీదా బ్రెయిలీ అక్షరాలు పెట్టారు. అంత గొప్ప కళాకారుడికే "గుర్తుపెట్టుకో నాయనా" అని వదిలెయ్యలేదు. బటను కంటికో చేతికో ఏదో ఒకదానికి తెలియాలి. మనం కొనే పెట్టెకి బ్రెయిలీ ఉండదు. మరి కంటికైనా కనబడాలి గదా!

"కరెంటు పోతే టార్చి పట్టుకుంటాం, లేకపోతే చిన్న లైటు తగిలిస్తాం" అంటారు. పట్టుకోండి, ఆయ్. కానీ చుట్టూ వరిచేలు. వానాకాలం రాత్రి ఒక్క తెల్ల దీపం పెడితే పురుగులన్నీ మెట్ల మీదే రాలతాయి. పైగా జీవశాస్త్రం మాస్టారు చెప్పింది గుర్తుందా? కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్లటి వెలుగు కంట్లో పడితే ఆ అలవాటు పోతుంది. బటన్లోనే ఉండే చిన్న ఎర్ర దీపం కన్నుని అంతగా చెడగొట్టదు, పురుగులూ దానికి తక్కువ వస్తాయి.

వార్షికోత్సవం స్టేజీ సంగతి కూడా చూడాలి. రంగు లైట్లు వేస్తారు. నల్ల పెట్టె మీద ఎర్ర అక్షరాలుంటే నీలం లైటు కింద అవి మాయమవుతాయి. ఎరుపు ఎర్ర కాంతినే తిప్పి పంపుతుంది గనుక. పైన ఎన్ని లైట్లున్నా పెట్టెకి తన వెలుగు తనకి ఉండాలి.

ఇక బ్యాటరీ లెక్క. ఇది రెండో పార్టీ వాళ్ళ గట్టి ప్రశ్న. ఒక్కో ఎల్.ఇ.డి. పది మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. ముప్పై ఒకేసారి వెలిగితే మూడు వందలు. రెండు వేల మిల్లీ ఆంపియర్ అవర్ల పెన్సిల్ బ్యాటరీలు వేస్తే, దీపాలే ఆరేడు గంటల్లో తాగేస్తాయి. అందుకే మెట్టు మెట్టుకీ రంగురంగులుగా మెరిసేది నాకొద్దు. అది తీర్థంలో బొమ్మల కొట్టుకి బాగుంటుంది. మనకి రెండు చాలు. తెర వెలగాలి. ఇప్పుడు నడుస్తున్న బటన్ ఒక్కటీ వెలగాలి. శృతి మార్చే బటన్ ఎవరో నొక్కి వదిలేస్తే, పాడేవాడి గొంతు చిరిగే దాకా తెలియదు. దాని మీద దీపం ఉంటే ముందే తెలుస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ప్రతి హాస్టల్లోనూ పెట్టె గుట్టంతా తెలిసిన పెద్ద విద్యార్థి ఒకడుంటాడు. ఎడమనించి ఏడోది వేణువు, కింద మూడోది ఆది తాళం అని అన్నీ వాడి బుర్రలోనే. వాడికి దీపం అక్కర్లేదు, నిజమే. కానీ మార్చి నెల పరీక్షలయ్యాక వాడు పెట్టె సర్దుకుని కొండ ఎక్కేస్తాడు. వాడితోపాటు గుట్టూ వెళ్ళిపోతుంది. జూన్‌లో ఆరో తరగతిలో చేరే తమ్ముడు, ఇంటిమీద బెంగతో సాయంత్రం ఆ పెట్టె దగ్గరికొస్తే, "ముట్టుకోకురా, నీకు తెలీదు" అనడానికి నలుగురుంటారు. పేరు వెలుగుతూ కనబడితే వాడే చదువుకుని నొక్కుతాడు. కనబడే పెట్టె అందరిదీ. కనబడని పెట్టె ఒక్కడిదే.

డోలక్ కూడా కావాలి, కాదనను. కానీ దానికోసం ఈ వెలుగు తగ్గించొద్దని నా మనవి.

వార్డెన్ గారూ, కొనేటప్పుడు షాపువాడు అన్ని లైట్లూ వేసి చూపిస్తాడు. మీరు ఒక్క నిమిషం షాపులో లైట్లు ఆర్పించండి. బ్యాటరీతో పెట్టె ఆన్ చేయించి, మాలో చిన్నవాణ్ణి ఒకణ్ణి పిలిచి "వేణువు ఎక్కడుందిరా?" అని అడగండి. వాడు చూపించగలిగిన పెట్టే కొనండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి